పునాదికి అద్దె ఎవరిస్తారు?

స్థలాలు కొందామనుకునే కుర్రాళ్లు ఇప్పటికీ నా దగ్గరికొస్తుంటారు. కాఫీ తాగి, కాసేపు అదీ ఇదీ మాట్లాడి, చివరికి అసలు ప్రశ్న అడుగుతారు. "మొదట్లో మీకు పెట్టుబడి ఎవరిచ్చారండీ?" చీటీ పాడాను, బ్యాంకులో పంట అప్పు తీశాం, మా అక్క పొలం అమ్మింది అని చెబుతాను. మూడూ నిజాలే. నాలుగోది ఒకటుంది, అది చెప్పను. ఇన్నేళ్లూ చెప్పకుండానే నెట్టుకొచ్చాను. ఇక నా వల్ల కాదు.

ఎనభైల నడిమి మాట. నేను గుంటూరు మిరపకాయల యార్డులో ఒక కమీషన్ కొట్టు గుమాస్తాని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా తుమ్ములు, దగ్గు, కళ్లమంట. రైతు తెచ్చిన బస్తా విప్పించి, పిడికెడు కాయలు తీసి, రంగు లేదనో తేమ ఉందనో ఒక మాట అనడం మా షావుకారు పని. ఆ మాటకి తగ్గిన ధరని కాయితం మీద పెట్టడం నా పని. నా చేతిరాత ముత్యాల్లా ఉంటుందని యార్డంతా పేరు. రైతుకి నష్టం రాసిచ్చినా చూడ్డానికి అందంగా ఉండేది.

మధ్యాహ్నం బేరాలు సద్దుమణిగాక షావుకార్లు మిరపకాయల ఊసెత్తేవారు కాదు. స్థలాల గురించే మాట్లాడుకునేవారు. నిరుడు కొన్నది ఈ ఏడు ఎంతైందో ఒకరికొకరు చెప్పుకుని నవ్వుకునేవారు. వింటుంటే నాకు కడుపు మండేది. అసూయే, ఇంకో పేరెందుకు? వీళ్లకేమైనా కొమ్ములున్నాయా, నాకు లేనిదేమిటి అనుకునేవాణ్ణి. లేనిది డబ్బు. అది తప్ప అన్నీ ఉన్నాయనుకున్నాను, బుద్ధితో సహా.

మా అక్క మొగుడు, అంటే మా బావ, ప్రకాశం జిల్లాలో మా పల్లెలోనే మిరప, పత్తి వేసేవాడు. వరసగా రెండేళ్లు పత్తిని పురుగు తినేసి విసిగిపోయి ఉన్నాడు. నల్లపాడు వైపు నాలుగు పోర్షన్ల ఇల్లు కట్టి అద్దెలకిద్దాం, నెలనెలా జీతంలాగా వస్తుంది, పురుగు పట్టదు అని నేను ఎక్కించాను. బావకి మాట తలకెక్కింది. అక్కకి పెళ్లిలో పసుపు కుంకుమల కింద మా నాన్న ఇచ్చిన రెండెకరాల పొలం ఉంది. అది అమ్మి స్థలం కొందామన్నాం.

"మట్టి అమ్మి మట్టి కొంటారేందిరా?" అంది అక్క.

"ఆ మట్టి తిండి పెడితే ఈ మట్టి డబ్బు పెట్టిద్ది అక్కా," అన్నాను. ఆ రోజుల్లో నా నోటికి అడ్డూ ఆపూ ఉండేది కాదు. అక్క సంతకం పెట్టమన్నచోట పెట్టింది.

బ్రోకరు మాకు రెండు స్థలాలు చూపించాడు. ఒకటి రైలు గేటుకి దగ్గర్లో ఎర్రటి గరప నేల, అన్నీ గులకరాళ్లు, తుమ్మ మొక్క కూడా ముక్కుతూ మూలుగుతూ పెరిగే చోటు. రెండోది ఇంకాస్త లోపలికి, మొన్నటి దాకా మిరప వేసిన నల్లరేగడి. గట్లు కూడా అలాగే ఉన్నాయి. బావ గరప నేల వైపు చూసి మొహం తిప్పుకున్నాడు. రేగడి చేలో మాత్రం గొంతుక్కూర్చుని గడ్డ పగలగొట్టి, వేళ్ల మధ్య నలిపి, చిటికెడు నాలిక మీద వేసుకున్నాడు.

"ఏం నేల్రా బామ్మర్దీ! వెన్న. ఇట్టాంటి నేల మనూళ్లో కూడా లేదు. ఆ రాళ్లదిబ్బ ఎవడిక్కావాలి?"

మాది నేలని నాలికతో కొనే వంశం. ఇంటికోసం కొంటున్నాం, పంటకోసం కాదు అన్న సంగతి ఇద్దరిలో ఒక్కడికీ తట్టలేదు. బ్రోకరు మాత్రం బావ మొహం చూసి రేగడికి ధర ఇంకాస్త పెంచాడు. మేం సంతోషంగా ఒప్పుకున్నాం. తల్చుకుంటే ఇప్పటికీ నా చెప్పుతో నేను కొట్టుకోవాలనిపిస్తుంది.

స్థలం వచ్చింది, కట్టడానికి డబ్బులేవి? బ్యాంకుకి వెళితే మేనేజరు ప్లాను కావాలి, జీతం సర్టిఫికెట్టు కావాలి అన్నాడు. కొట్లో గుమాస్తాకి సర్టిఫికెట్టు ఎవడిస్తాడు? జీతం షావుకారు జేబులోంచి నా జేబులోకి వచ్చేది, దానికి సాక్షి దేవుడే. ఇంటికి అప్పివ్వను అన్న బ్యాంకే మిరప పంటకైతే ఇస్తానంది. బావ పేరు మీద పంట అప్పు తీశాం. ఎరువులకి, మందులకి అని రాసిచ్చిన డబ్బు ఇటుకలకి పోయింది. పంట చూడ్డానికి బ్యాంకు ఆఫీసరు వస్తే బావ పక్కవాడి చేను చూపించి, ఆయనకి నాటుకోడి కూర పెట్టి పంపాడు. నేను కొట్లో వేసుకున్న చీటీ సగం దాకా నష్టపోయి పాడి తెచ్చాను. ఇంత చేసినా మేస్త్రి చెప్పిన లెక్కకి సరిపోలేదు.

మేస్త్రి క్రైస్తవపాలెం మనిషి. పొట్టిగా, గట్టిగా ఉండేవాడు, మాట తక్కువ. మిషను బళ్లో ఐదో తరగతి దాకా చదివాడట. ముగ్గు పోసిన రోజున ఒక మూల గడ్డపారతో పొడిచి చూసి లేచాడు.

"ఇది రేగడండీ. వానకి ఉబ్బిద్ది, ఎండకి నోరు తెరుచుద్ది. ఆరడుగులు తీస్తే కింద గరప తగులుద్ది. అక్కణ్ణుంచి లేపితే ఇల్లు కదలదు. పునాది చుట్టూ ఇసక నింపాలి."

"ఇసక మీద ఇల్లు కడితే కూలిపోతదని మీ చర్చిలోనే చెబుతారుగా?" అని నేను వేళాకోళం ఆడాను.

ఆయన నవ్వాడు. "అయ్యగారు చెప్పేది వేరే దేశం సంగతండీ. మన రేగట్లో ఇసకే దేవుడు."

బావ కలగజేసుకున్నాడు. "మా తాత కట్టిన ఇంటికి పునాది రెండడుగులు లేదయ్యా. వందేళ్లు నిలబడింది."

"మీ ఊరు గరప దిబ్బ మీదుందండి," అన్నాడు మేస్త్రి.

ఆ మాట నిజం. మా ఊరి ఇళ్లన్నీ మెరక మీదే, చేలన్నీ పల్లంలోనే. పాతవాళ్లు మంచి నేలని పంటకి వదిలి, పనికిరాని దిబ్బ మీద ఇళ్లు కట్టుకున్నారు. ఎందుకని మేమెప్పుడూ అడగలేదు, వాళ్లూ చెప్పలేదు. ఆ రోజైనా ఆ మాట చెవికెక్కించుకుని ఉంటే బాగుండేది. నాకు అప్పుడు లెక్క ఒకటే కనపడింది. ఆరడుగులు తవ్వి నింపితే మూడు పోర్షన్లకే డబ్బు సరిపోతుంది. మూడడుగులతో సరిపెడితే నాలుగు పోర్షన్లూ లేస్తాయి.

"పునాదికి అద్దె ఎవరిస్తారు మేస్త్రీ?" అన్నాను.

బావ పగలబడి నవ్వాడు. ఆ మాట నాకే ఎంత నచ్చిందంటే మర్నాడు కొట్లో కూడా చెప్పాను, షావుకారు భుజం తట్టాడు. మేస్త్రి మాత్రం నవ్వలేదు. "కట్టించేది మీరు. మీ ఇష్టం," అని మూడడుగుల దగ్గర దారం కట్టాడు.

ఎండాకాలంలో గోడలు చకచకా లేచాయి. ఎండిన రేగడి రాయిలా ఉంటుంది, ఎవర్నైనా మోసం చేస్తుంది. మధ్యలో డబ్బులైపోయాయి. "సీజను కానీ మేస్త్రీ, ఇచ్చేస్తాగా," అంటూ చివరి రెండు నెలలూ ఆయనకి, భార్యకి కూలి బాకీ పెట్టాను. భార్య కూడా ఆయనతోపాటే సిమెంటు మోసేది. పని జరిగినన్నాళ్లూ నా దగ్గరే ఉన్న అక్క, పనిచోట వాళ్లకి మంచినీళ్లు వేరే సత్తు గ్లాసులో పోసేది. ఇల్లు కట్టిన చేతులకి ఇంట్లో గ్లాసు ఇవ్వని రోజులు. మాకది తప్పనిపించలేదు, అలవాటు.

తొలకరి పడ్డ నెలకి తలుపులు పట్టేశాయి. ఇంకో నెలకి గోడల మూలల్లో వెంట్రుకవాసి పగుళ్లు వచ్చాయి. నేను సిమెంటు పూయించి, సున్నం కొట్టించి, ఒకచోట క్యాలెండరు తగిలించాను. అద్దెకొచ్చిన ఇద్దరూ క్యాలెండరు ఎత్తి చూశారు కాబోలు, దీపావళికి ముందే ఖాళీ చేశారు. రోడ్డు లేదు, కరెంటు ఉండీ లేనట్టే. ఇంక ఎవరూ రాలేదు. అటు మేస్త్రి ఆదివారం ఆదివారం చర్చి అయ్యాక కొట్టు దగ్గరికొచ్చి నిలబడేవాడు, బాకీ కోసం. అడిగేవాడు కాదు, నిలబడేవాడు. నాకది తిట్టినదానికన్నా ఎక్కువ కోపం తెప్పించేది.

ఒకరోజు నేనే అన్నాను. "నాలుగో పోర్షన్ ఖాళీగా ఉందిగా మేస్త్రీ. వచ్చి ఉండండి. అద్దె ఇవ్వక్కర్లేదు, బాకీకి వడ్డీ అనుకోండి." ఊళ్లో అయితే ఆ మాట నా నోట వచ్చేది కాదు. ఇక్కడ చూసేవాళ్లు లేరు. పైగా కాపలా ఉంటుంది. అన్నీ ఆలోచించే అన్నాను.

ఆ గోడల కింద ఏముందో ఆయనకి తెలుసు. కానీ పాలెంలో వాళ్ల పాక ఆ ఏడు వానకి ఒరిగిపోయింది. భార్య పట్టుబట్టిందట. క్రిస్మస్‌కి నాలుగు రోజుల ముందు సామాను సైకిలు మీద పెట్టుకుని వచ్చేశారు. నేను వెళ్లేసరికి గుమ్మానికి రంగు కాయితాల చుక్క కట్టి ఉంది. ఆవిడ పీట వేసింది.

"స్లాబు కింద పడుకోవడం ఇదే మొదలు బాబుగారూ. ఇదివరకు వానొస్తే గిన్నెలు సర్దుకునేవాళ్లం. ఇప్పుడు కాళ్లు చాపుకుని నిద్దరపోతన్నాం," అంది. గట్టిగా నవ్వే మనిషి. నవ్వితే పక్క పొలంలోకి వినపడేది. పిల్లలు లేరు వాళ్లకి. ఇంటి వెనక గోడ పక్కనే చిక్కుడు పాదు పెట్టింది. మా బావ నాలిక చెప్పింది నిజమే, ఆ నేల అలాంటిది. పాదు స్లాబు మీదికి ఎగబాకింది. ఆవిడ గంప నిండా కాయలు కోసి మా అక్కకి పంపేది. గోడ వారన నీళ్లు పోయొద్దని మేస్త్రి మొత్తుకునేవాడు, నేల తాగి ఉబ్బుతుందని. "నీళ్లు పోయకపోతే కాయలెట్టా కాస్తయ్?" అని ఆవిడ పోట్లాడేది.

తర్వాతి ఎండాకాలంలో మేస్త్రి నన్ను పిలిచి వెనక గోడ చూపించాడు. పగులు మీద అడ్డంగా న్యూస్ పేపరు ముక్క మైదా జిగురుతో అంటించాడు. అది మధ్యకి చిరిగి ఉంది.

"మొన్న ఆదివారం అంటించానండి. వారానికే చిరిగింది. గోడ నడుస్తందండీ. వానాకాలం లోపల పునాది కొంచెం కొంచెంగా తవ్వి గరప దాకా కట్టుకొస్తే ఆగుద్ది. నా కూలి వద్దు. సిమెంటు, రాయి ఇప్పించండి చాలు."

"చూద్దాం మేస్త్రీ."

నా దగ్గర అప్పుడు డబ్బుంది. ఇది నేను ఎవరికీ చెప్పని మాట. ఆ ఏడు మిరప ధర మండిపోయి, షావుకారు సంతోషించి నాకు కమీషన్లో వాటా ఇచ్చాడు. బావ పంట అప్పు తీర్చేశాడు. ఆ డబ్బుతో గోడ నిలబెట్టి, మేస్త్రి బాకీ తీర్చొచ్చు. నేనేం చేశానో తెలుసా? రైలు గేటు దగ్గరి గరప నేల ఇంకా అమ్ముడుపోలేదని తెలిసి, పరుగెత్తుకెళ్లి దానికి బయానా ఇచ్చాను. రేగడి మీద ఇల్లు నిలబడదు, గరప మీద నిలబడుతుందని మేస్త్రి దగ్గరే నేర్చుకున్నాను. నేర్చుకున్నది నాకోసం వాడుకున్నాను.

ఆ దసరాలకి తుఫాను పట్టింది. మూడు రోజులు తెరిపి లేదు. నాలుగో రోజు మధ్యాహ్నం కొట్లో ఉండగా కబురొచ్చింది. రిక్షా వాడు అంత దూరం రానంటే మోకాళ్ల దాకా బురదలో నడిచి వెళ్లాను. వెనక గోడ లోపలికి పడింది. చిక్కుడు పాదు గోడతోపాటే వచ్చి ఇటుకల మీద పచ్చగా పరుచుకుని ఉంది. ఆవిడ వంట దగ్గరుందట. మేస్త్రి ఆ రోజు ఇంకెక్కడో పనికి వెళ్లాడు. నేను వెళ్లేసరికి ఆయన ఇటుకలు తీస్తున్నాడు. విసిరెయ్యడం లేదు. ఒక్కొక్కటీ తీసి పక్కన పేరుస్తున్నాడు, మళ్లీ కట్టబోయేవాడిలాగా. నేనూ వంగి తీశాను. దసరాకి అక్కతో మా ఇంటికొచ్చి ఉన్న బావా వచ్చాడు. ఆవిడ దొరికేసరికి పొద్దు వాలింది. ప్రాణం లేదు.

సాయంత్రం పోలీసు వచ్చాడు. ఇల్లెవరిది, ఎవరు కట్టారు, ఎందుకు పడింది అని అడిగాడు. బావ నన్ను పక్కకి లాగి, "ఒరేయ్, జైల్లో ఏస్తార్రా మనల్ని," అని ఏడ్చాడు. మా వైపు పెద్దమనిషి ఒకాయన మధ్యవర్తిగా వచ్చి దారి చెప్పాడు. మేస్త్రి కాయితం రాసిస్తే గొడవుండదన్నాడు. గోడ ఆయన కట్టిందేగా, ఆయన ఉంటున్న ఇల్లేగా.

ఆ కాయితం నేనే రాశాను, నా ముత్యాల చేతిరాతతో. "సదరు గోడ నేను కట్టినదే. నా పనితనం లోపం వల్లనే కూలినది. ఇందులో ఇంటి యజమానుల తప్పు ఏమీ లేదు." ఒక్క కొట్టివేత లేకుండా రాశాను. చెయ్యి వణకలేదు. వణికి ఉంటే బాగుండునని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

మేస్త్రి దీపం దగ్గర కూర్చుని మొదటినుంచి చివరిదాకా చదివాడు. మళ్లీ మొదటికొచ్చి చదివాడు. "పనితనం" అన్న మాట దగ్గర వేలు ఆగింది. తల ఎత్తి నావైపు చూశాడు. నేను గోడవైపు చూశాను, మిగిలిన గోడవైపు. ఆయన సంతకం పెట్టాడు. ఖర్చులకని నేను ఒక కట్ట ఆయన చేతిలో పెట్టాను. మధ్యవర్తి అందరూ వినేలా, "మంచి మనసయ్యా నీది. చట్టప్రకారం ఇవ్వాల్సిన పనేముంది?" అన్నాడు. పాలెం పెద్దలు కూడా నాకు దండం పెట్టారు.

మర్నాడు సమాధుల దొడ్డికి నేనూ అక్కా వెళ్లాం. బావ రాలేకపోయాడు. వాన వెలిసింది. దారిలో అక్క అడిగింది. "నిన్న ఆయనకి ఎంతిచ్చావు?"

చెప్పాను.

అక్క రోడ్డు మధ్యలో ఆగిపోయింది. పనిరోజుల్లో కూలీల హాజరు వేసింది అక్కే. "అది ఆ మొగుడూపెళ్లాల రెండు నెలల కూలి కదరా. సరిగ్గా అంతే. వాళ్ల కష్టం వాళ్లకే దానం చేసి దండాలు పెట్టించుకున్నావా? థూ, నీ బతుకు చెడ." అంతవరకు అక్క నన్ను ఒక్క మాట అని ఎరగదు. ఆ ఇంటికి చివరి పెట్టుబడి పెట్టింది వాళ్లిద్దరూ. ఏడాదిన్నర నేను ఆ డబ్బు మీద నడిచాను. కుర్రాళ్లకి నేను చెప్పని ఆ నాలుగో పేరు వాళ్లదే.

సమాధుల దొడ్డి కూడా రేగడే, మా స్థలానికి నాలుగు చేల అవతల. అక్క పాలెం ఆడవాళ్ల మధ్యకి వెళ్లి నిలబడింది. ఎవరో నీళ్లిస్తే వాళ్ల గ్లాసుతోనే తాగింది. నేను దూరంగా ఉన్నాను. గుంట ఇంకా తవ్వుతున్నారు. నల్లటి జిగురు మట్టి పారకి అంటుకుని రావడం లేదు, తవ్వేవాళ్లు మాటిమాటికీ పార గీక్కుంటున్నారు. మేస్త్రి పెట్టె పక్కనుంచి లేచి గుంట దగ్గరికి వచ్చాడు. నేనూ దగ్గరికి వెళ్లాను, ఏదో ఒకటి చెప్పాలని.

అప్పుడు కింద పార ఖణేల్‌మంది. లోపలివాడు ఒక పారెడు ఎర్రటి గులకరాళ్లు ఎత్తి గట్టు మీద పోశాడు. మేస్త్రి వంగి, నిలబడ్డ మనిషి తలనిబట్టి లోతు అంచనా వేశాడు. ఆ కళ్లకి అలవాటైన పని అది. ఒక రాయి తీసి చేత్తో తుడిచాడు. నావైపు తిరిగాడు. గొంతులో కోపం లేదు, పనిచోట లెక్క చెప్పేటప్పటి గొంతే.

"ఆరడుగులకి గరప తగిలిందండి," అన్నాడు.

నేను తల ఊపాను.